మందు కలిసిన కల్లు, మనసు వైద్యం: బాన్సువాడ ప్రాంత చరిత్ర

నిజామాబాద్ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మనోవైద్య విభాగానికి బాన్సువాడ, బీర్కూర్, వర్ని, పిట్లం వైపుల నుంచి వచ్చే పెద్దవయసు రోగుల్లో ఒక తరహా వాళ్లుంటారు. వాళ్ల జబ్బుకు విదేశీ పాఠ్యపుస్తకాల్లో ప్రత్యేకంగా అధ్యాయమేదీ కనిపించదు. వాళ్లు కల్లు తాగి వచ్చినవాళ్లు కారు, కల్లు మానేసి వచ్చినవాళ్లు. మానేసిన రెండో రోజుకో మూడో రోజుకో నిద్ర దూరమవుతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, ఎదుట లేని మనుషులతో మాటలు మొదలవుతాయి. చెట్టు కల్లులో ఉండే నాలుగైదు శాతం ఆల్కహాలు ఊరంతటికీ ఒకేసారి ఇంత ఉపద్రవం తెచ్చిపెట్టదు. ఇది సీసాలో కలిపిన మందు చేసే పని.

ఆ మందులు ముఖ్యంగా మూడు: క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం. మూడూ నిద్ర కోసం, ఆందోళన తగ్గడం కోసం వైద్యులు వాడుకలోకి తెచ్చినవే. ఆసుపత్రిలో పేరు తెచ్చుకుని, దొంగదారిన కల్లు దుకాణానికి చేరి, అక్కడి నుంచి రోగి ఒంట్లో దాగి మళ్లీ మనోవైద్యుడి ముందుకే వచ్చాయి. అందుకే ఈ ప్రాంతంలో మనోవైద్యం ఎలా ఎదిగిందో చెప్పాలంటే కల్లు సంగతి పక్కన పెట్టి చెప్పడం కుదరదు.

నిజాం కాలంలో బాన్సువాడ ప్రాంతానికి మానసిక వైద్యం అంటే జాల్నా. హైదరాబాద్ సంస్థానపు మానసిక చికిత్సాలయం ఇప్పటి మహారాష్ట్రలోని ఆ ఊళ్లో ఉండేది. బాన్సువాడ నుంచి రోగిని అక్కడికి చేర్చాలంటే ముందు బండి కట్టుకుని కామారెడ్డికో నిజామాబాద్‌కో పోవాలి. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే మీటర్ గేజ్ రైలు ఆ రెండు ఊళ్ల మీదుగానే బాసర, నాందేడ్, పర్భణీ దాటి జాల్నా చేరేది. రైలు మార్గం ఉన్నా, ఇంటి మనిషిని భాష వేరైన ఊళ్లో, గోడల మధ్య వదిలి రావడానికి ఎన్ని కుటుంబాలకు మనసొప్పి ఉంటుంది? రోగి చేతికందకుండా పోతే తప్ప ఎవరూ అంత దూరం తలపెట్టరు. మిగతావాళ్లు ఇంట్లోనే ఉన్నారు. కొందరిని గదిలో పెట్టి తలుపేశారు. కొందరిని దర్గాలకు, గుళ్లకు మొక్కులకు తిప్పారు. మెదక్, నిజామాబాద్ పల్లెల్లో బాణామతి అనే చేతబడి భయం బలంగా ఉండేది. మనిషి ఉన్నట్టుండి మారిపోతే ఎవరో చేయించారనే అనుమానం ముందు పుట్టేది, అనుమానం పడ్డవాళ్లను కొట్టడం, పళ్లూడగొట్టడం దాకా పోయేది. జబ్బుపడ్డ మనిషితో పాటు ఏ పాపం ఎరుగని మరో మనిషి కూడా నాశనమయ్యేవాడు.

తెలుగు నేల మీద ఇంకో చికిత్సాలయం మద్రాసు ప్రెసిడెన్సీలో, వాల్తేరులో ఉండేది. అది మంజీర నది ఒడ్డు బాన్సువాడ ప్రాంత జనానికి అందేంత దూరంలో లేదు. బ్రిటిష్ ఇండియాలో 1858 నాటి చట్టం, తర్వాత 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రోగిని చేర్చుకోవడాన్ని మెజిస్ట్రేటు ఉత్తర్వుతో ముడిపెట్టాయి. చికిత్సాలయాల పర్యవేక్షణను జైళ్ల శాఖ నుంచి వైద్యుల చేతుల్లోకి తేవడం 1912 చట్టంతోనే జరిగింది. అంతకుముందు రోగికీ ఖైదీకీ మధ్య సర్కారు పెద్దగా తేడా చూడలేదు.

ఆ చికిత్సాలయాల్లో వైద్యుడి చేతిలో ఉన్న మందులు కొన్నే. వాటిలో ఎక్కువగా వాడినది క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫన్ లీబిగ్ 1832లో దాన్ని తయారుచేశాడు. అది నిద్ర తెప్పిస్తుందని 1869లో బెర్లిన్‌లో ఆస్కర్ లీబ్రైక్ చూపించాడు. అప్పటిదాకా అల్లరి చేసే రోగికి నల్లమందు, లేకపోతే గొలుసు. కొత్త మందు చవకగా దొరికేది, నోటి ద్వారా ఇవ్వొచ్చు, అరగంటలో నిద్ర పట్టేది. కొన్నేళ్లకే ఐరోపా ఆసుపత్రులన్నిటా రాత్రిపూట అదే మందయింది. అంతే త్వరగా దాని రెండో ముఖమూ బయటపడింది. అలవాటైనవాళ్లు అది లేకుండా నిద్రపోలేకపోయారు, మోతాదు పెంచుకుంటూ పోయారు, ఆపితే వణుకు, భ్రమలు వచ్చాయి. నూరేళ్లు గడిచాక బాన్సువాడ పల్లెల్లో కనిపించిన జబ్బు గుర్తులన్నీ 1870ల నాటి వైద్యులకు తెలిసినవే.

స్వాతంత్ర్యానంతరం రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, 1953లో జాల్నా చికిత్సాలయం హైదరాబాద్ శివార్లలోని ఎర్రగడ్డకు తరలింది. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా మనోవైద్యం నేర్పే చోటు కూడా అదే అయింది. తెలంగాణ పల్లెలకు మానసిక వైద్యం మొదటిసారి తెలుగు, ఉర్దూ మాట్లాడే ఊళ్లో దొరికింది. రెండో మార్పు ఇంకా పెద్దది. 1952లో పారిస్ వైద్యులు జాఁ దలే, పియేర్ దనికేర్ క్లోర్‌ప్రోమజీన్ అనే మందుతో తీవ్రమైన మానసిక రోగాన్ని అదుపులోకి తెచ్చారు. గోడల మధ్య ఏళ్ల తరబడి ఉంచాల్సిన రోగి కొన్ని వారాల్లో ఇంటికి పోయే వీలు కలిగింది. మామూలు ఆసుపత్రిలో, కాలు విరిగినవాళ్లు, కడుపు నొప్పివాళ్లు వచ్చే చోటే మనసు జబ్బుకూ ఓపీ, వార్డు పెట్టొచ్చని తేలింది. ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1933లోనే కలకత్తాలో, ఇప్పుడు ఆర్జీ కర్ పేరుతో ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రిలో, మానసిక ఓపీ తెరిచాడు. సాధారణ ఆసుపత్రుల్లో మనోవైద్య విభాగాలు దేశమంతా పెరిగింది మాత్రం కొత్త మందులు వచ్చాకే. విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో ఈ రోజు కనిపించే మనోవైద్య విభాగం అలా పుట్టినదే. రోగి చీటీ మీద ‘ఎర్రగడ్డ’ అని ఉండకపోవడం ఎంత పెద్ద ఊరటో పల్లెటూరి కుటుంబాలకే బాగా తెలుసు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న భయం చాలామందిని ఏళ్ల తరబడి వైద్యానికి దూరంగా ఉంచింది.

ఇక కల్లు సంగతి. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో బాన్సువాడ, కోటగిరి, వర్ని, బోధన్ వైపు వరి, చెరకు పెరిగాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. కాలువ కింద వరి కళకళలాడినా చెరువు కట్టల మీద, వాగుల వెంట, పొలం గట్ల మీద ఈత, తాటి చెట్లు అలాగే నిలిచాయి. వాటిని గీసేది గౌడులు. నడుముకు ముస్తాదు, మోకు బిగించి చెట్టెక్కి, తాటికైతే గెలలను, ఈతకైతే మట్టల మొదట్లో కాండాన్ని గీత కత్తితో సన్నగా చెక్కి, లొట్టి కట్టి దిగుతారు. చెట్టుకు విశ్రాంతి ఇస్తూ గీయడం నేర్పు. తొందరపడి లోతుగా చెక్కితే చెట్టు చచ్చిపోతుంది. పొద్దున్నే దించిన పానకం తియ్యగా ఉంటుంది. లొట్టిలో సున్నం పూస్తే పులియకుండా నీరాగా నిలుస్తుంది. పూయకపోతే గంటల్లోనే ఈస్టు పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి కల్లవుతుంది, మర్నాటికి పులిసి పుల్లబడుతుంది. అంటే చెట్టు కల్లును నిల్వ ఉంచి దూరం పంపి అమ్మడం సాధ్యం కాదు. తర్వాత జరిగిన అనర్థానికంతటికీ మూలం ఇక్కడే ఉంది.

తెలంగాణ పల్లెలో కల్లు తాగడం మగవాళ్లకే పరిమితమైన అలవాటు కాదు. నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు సాయంత్రం ఇంటి ముందు కూర్చుని తాగేవారు. పండక్కి, పెళ్లికి, చావుకు కూడా కల్లుండేది. అందులో తప్పని ఎవరూ అనుకోలేదు, చెట్టు నుంచి దించినట్టే తాగినంత కాలం అది పెద్ద హానీ చేయలేదు. డిమాండు పెరిగింది, చెట్లు తగ్గాయి. పొలాల గట్లు చదును చేసినప్పుడు, ఇళ్ల స్థలాలు వేసినప్పుడు ముందు పోయినవి ఈత చెట్లే. చాలా నెలల్లో చెట్టు ఇచ్చే కల్లు ఊరి దాహానికే చాలదు. పట్నంలో దుకాణానికి రోజూ వేల సీసాలు కావాలి. గీసే మనిషి చేతి నుంచి వ్యాపారం కల్లు డిపోల చేతికి పోయింది. డిపోలో నీళ్లు, శాకరిన్, కొద్దిగా పులిసిన కల్లు కలిపితే రంగు వస్తుంది, తీపి వస్తుంది, మత్తు రాదు. మత్తు కోసం మందు కలిపారు. ఈ మోసంలో గీత కార్మికుడికి దక్కింది దాదాపు ఏమీ లేదు. చెట్టు మీద నుంచి పడి నడుం విరిగేది అతనికి, చెడ్డపేరు వచ్చేది అతని కులానికి, లాభం పోయేది డిపో నడిపేవాళ్లకు.

సర్కారు విధానం కూడా కల్లు వైపే జనాన్ని తోసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. కల్లుకు ఆ నిషేధం వర్తించలేదు. చేతిలో చిల్లర తప్ప ఏమీ లేని కూలీకి చట్టబద్ధంగా దొరికే మత్తు కల్లొక్కటే అయింది. ఉన్న చెట్లు అంత కల్లు ఇవ్వలేవని ఆబ్కారీ లెక్కలు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ తేడా పూడ్చింది క్లోరల్ హైడ్రేట్. దుకాణాల భాషలో అది ‘సీహెచ్’.

ఆసుపత్రులు ఎప్పుడో పక్కన పెట్టిన ఆ మందు ఇంత విరివిగా ఎలా దొరికింది? క్లోరల్ పారిశ్రామిక రసాయనం, డీడీటీ తయారీకి ముడిసరుకు. టన్నుల లెక్కన తయారయ్యే చోటి నుంచి బస్తాల్లో బయటికి తేవడం పెద్ద కష్టం కాలేదు. నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. ఒంట్లోకి పోయాక ట్రైక్లోరోఇథనాల్‌గా మారి మెదడును మందగింపజేస్తుంది. ఆల్కహాలు తోడైతే ఒకదాని ప్రభావాన్ని మరొకటి పెంచుతుంది. కొద్దిపాటి కల్లులో కొద్దిపాటి సీహెచ్ పడితే మనిషి ఒరిగిపోవడానికి కారణం ఇదే. ఘాటైన రుచి వల్ల, కడుపులో మంట వల్ల దాన్ని దాచడం కష్టం. అందుకే వ్యాపారులు మెల్లగా వేరే మందుల వైపు మళ్లారు.

ఆ మందులు బెంజోడయాజిపైన్ కుటుంబానివి. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో, డయాజిపామ్ 1963లో అమ్మకానికి వచ్చాయి. అంతకుముందు నిద్రకు వాడే బార్బిట్యురేట్లు ఎక్కువైతే ప్రాణం పోయేది, వీటితో ఆ ప్రమాదం చాలా తక్కువ కావడంతో వైద్యలోకం రెండు చేతులా అందుకుంది. అప్‌జాన్ కంపెనీ అల్ప్రాజోలం 1981లో అమెరికాలో అనుమతి పొందింది. గుండె దడదడలాడే ఆందోళన రోగికి అది బాగా పనిచేసింది. నిజామాబాద్ జిల్లాలో డయాజిపామ్‌ను ‘డైజోఫాం’ అంటారు. కల్లు దుకాణాల్లో ముందు అది పాతుకుపోయింది, తర్వాత అల్ప్రాజోలం వచ్చింది. రెండింటి మధ్య తేడా బరువులో ఉంది. అర మిల్లీగ్రాము అల్ప్రాజోలం దాదాపు 10 మిల్లీగ్రాముల డైజోఫాంకు సమానం. ఒక కిలో పొడితో అర మిల్లీగ్రాము మోతాదులు 20 లక్షలు తయారవుతాయి. చేతిసంచిలో పట్టే సరుకుతో ఒక డివిజన్ మొత్తానికి నెలల తరబడి కల్లు కలపొచ్చు. రుచి, వాసన తెలియవు. దొంగ వ్యాపారానికి ఇంతకన్నా అనువైన పదార్థం దొరకదు.

తాగే మనిషికి తను ఏం తాగుతున్నాడో తెలియదు. ఒళ్లు నొప్పులు పోయి హాయిగా నిద్ర పడుతోందని మాత్రమే తెలుసు. మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం పనిని ఈ మందులు పెంచుతాయి. రోజూ బయటి నుంచి ఆ సాయం అందుతుంటే మెదడు తన సొంత అదుపును తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి సీసా ఆగితే అదుపు చేసేదేదీ మిగలదు. డైజోఫాం, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం రోజుల తరబడి రక్తంలో నిలుస్తాయి కాబట్టి ఆగినా దిగుడు కొంత నిదానంగా ఉంటుంది. అల్ప్రాజోలం సుమారు పదకొండు గంటల్లో సగమైపోతుంది. అందుకే డైజోఫాం నుంచి అల్ప్రాజోలంకు మారిన దుకాణాల చుట్టుపక్కల విత్‌డ్రాయల్ (మందు ఆగాక వచ్చే) లక్షణాలు త్వరగా, తీవ్రంగా కనిపిస్తాయి.

అలాంటి రోగి ఆసుపత్రికి వచ్చే తీరు ఇలా ఉంటుంది. మొదట చేరేది మనోవైద్య విభాగానికి కాదు, క్యాజువాలిటీకి. ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుని నోట్లో రక్తంతో వస్తాడు. చెమటలు, నాడి వేగం, చేతుల వణుకు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, మంచం దిగి పరుగెత్తబోతాడు. మెదడు జ్వరమా, మలేరియానా, చక్కెర పడిపోయిందా, తలకు దెబ్బ తగిలిందా అన్నవి ముందు తేల్చుకోవాలి. అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇంటివాళ్లను అడిగే రెండు ప్రశ్నలు: రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరి సీసా ఎప్పుడు. అడగకపోతే చెప్పరు. కల్లును మద్యం లెక్కలో చాలామంది వేయరు కాబట్టి ‘తాగుడు ఉందా’ అంటే లేదనే జవాబొస్తుంది. ‘కల్లు తాగుతరా’ అని విడిగా అడగాలి. ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ తరచుగా మరిచిపోతారు. దానితో ఫిట్స్ జబ్బనో పిచ్చనో చీటీ మీద పడి, అవసరం లేని మందులు ఏళ్ల తరబడి సాగుతాయి.

జబ్బు గుర్తించాక ఇచ్చేది డైజోఫామే. సీసాలో దొంగగా పడ్డ మందునే, దాని మోతాదు తెలిసిన వైద్యుడు నరం ద్వారానో మాత్రగానో ఇచ్చి మెదడును ముందు కుదుట పరుస్తాడు. తర్వాత రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతాడు. తాగుడు ఎక్కువైనవాళ్లకు బీ-1 విటమిన్ ఇంజక్షన్లు తప్పనిసరి, లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. బంధువులకు ఇది నచ్చచెప్పడం తేలిక కాదు. మత్తు మాన్పించమని తీసుకొస్తే మత్తు మందే ఇస్తున్నారని వాళ్ల బాధ. హఠాత్తుగా ఆపడమే ప్రమాదమని, మెట్టుమెట్టుగా దింపాలని ప్రతి కుటుంబానికీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. డాక్టరు, నర్సు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు కలిసి చేసే ఈ ఓపికైన పని మనోవైద్య విభాగం చేసే పనుల్లో చాలా విలువైనది. వారం తర్వాత ఇంటికి పోయిన మనిషి ఎదురుగా అదే దుకాణం తెరిచే ఉంటుంది. తిరిగి వచ్చిన రోగిని మందలించకుండా మళ్లీ చేర్చుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఈ వైద్యం జిల్లాకు చేరడానికి చాలా కాలం పట్టింది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. బెంగళూరు నిమ్‌హాన్స్ 1980ల మధ్యలో బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు శిక్షణ ఇస్తే మానసిక రోగులను ఊరి దగ్గరే చూడొచ్చని చూపింది. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తెచ్చినప్పుడు దేశంలో మొదట ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో బాన్సువాడ పొరుగునున్న మెదక్ ఒకటి. మంజీరకు ఇవతలి పల్లెలకు మాత్రం చాలా ఏళ్లు ఎర్రగడ్డే దిక్కు. ఒక రోజు కూలి, బస్సు ఖర్చులు, తోడు వచ్చే మనిషి కూలి కలిపి లెక్కేస్తే నెలనెలా మందులకు పోవడం పేదవాడికి సాగే పని కాదు. మధ్యలో మందులు ఆగిపోయేవి, జబ్బు తిరగబెట్టేది. దేశవ్యాప్తంగా 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందడం లేదని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2013లో మొదలైంది. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది. మొదట విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. వైద్య కళాశాల నడవాలంటే మనోవైద్య విభాగం ఉండి తీరాలన్నది నిబంధన. ప్రొఫెసర్లు, పడకలు, ఓపీ, విద్యార్థుల పోస్టింగులు ఆ నిబంధన వల్లే జిల్లాకు వచ్చాయి. ఒక చిన్న నియమం ఇంత మేలు చేసిన సందర్భాలు వైద్యరంగంలో ఎక్కువ ఉండవు.

విభాగానికి అసలు పరీక్ష రెండేళ్లకే వచ్చింది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. మందు సరఫరా ఆగడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు పరుగెత్తారు. వార్డుల్లో మంచాలు చాలలేదు, కొందరు చనిపోయారు. జనం ‘కల్లు దొరక్క పిచ్చెక్కింది’ అన్నారు. వైద్యుల దృష్టిలో అది ఒకే వారంలో ఊళ్లకు ఊళ్లకే వచ్చిన బెంజోడయాజిపైన్ విత్‌డ్రాయల్. ఒక్కో రోగికి వారాలు పట్టే దింపుడును దాడుల పేరుతో ఒక్క రోజులో చేసినట్టయింది. ఆబ్కారీ శాఖ సరుకు పట్టుకునే ముందు ఆరోగ్య శాఖకు చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు సిద్ధం చేసి ఉంటే చాలా ప్రాణాలు నిలిచేవి. నిజామాబాద్ మనోవైద్యులు అప్పటి అనుభవాన్ని పరిశోధన పత్రాలుగా రాశారు. కల్తీ కల్లు విత్‌డ్రాయల్ గురించి వైద్య పత్రికల్లో కనిపించే సమాచారంలో చెప్పుకోదగ్గ భాగం తెలంగాణ నుంచే వచ్చింది.

కల్లు ఒక్కటే ఆ విభాగం పని అనుకుంటే పొరపాటు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, కుంగుబాటు, కాన్పు తర్వాతి మానసిక జబ్బులు, ముసలితనపు మతిమరుపు అన్నీ రోజువారీ ఓపీలో ఉంటాయి. పురుగుమందు తాగినవాళ్లు మెడికల్ వార్డులో బతికి బయటపడ్డాక వాళ్ల మంచం దగ్గరికి మనోవైద్యుణ్ని పిలుస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని చెప్పింది. పోలీసు కేసుకు భయపడి నిజం దాచే కుటుంబాలు నోరు విప్పడానికి అది తోడ్పడింది. గల్ఫ్ నుంచి అప్పులతో తిరిగొచ్చిన మగవాళ్లు, ఏళ్ల తరబడి ఒంటరిగా సంసారం లాగిన ఆడవాళ్లు నిద్ర పట్టదని, గుండెల్లో బరువని వస్తారు. జబ్బు మనిషిని కట్టేసే అలవాటు పాతది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు మంటల్లో కాలి చనిపోయారు. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని అదే 2017 చట్టం 95వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. ఇప్పటికీ మంచానికి తాడుతో కట్టి ఆటోలో తెచ్చే రోగులుంటారు. వార్డులో మొదట జరిగేది ఆ కట్లు విప్పడం.

సరఫరా వైపు చట్టం గట్టిదే. డైజోఫాం, అల్ప్రాజోలం రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తాయి. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గదు. డైజోఫాంకు ఆ పరిమితి 500 గ్రాములు. అయినా తయారీ ఆగలేదు. మూతపడ్డ రసాయన పరిశ్రమల్లో, అద్దె షెడ్లలో అల్ప్రాజోలం వండుతున్న ముఠాలు తెలంగాణలో పదేపదే పట్టుబడ్డాయి. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల నడుస్తున్న భవనంలోనే ఆ తయారీ బయటపడింది. పిల్లలు చదువుకునే గదుల పక్కన తయారైన పొడి కల్లు దుకాణాలకు పోతోందని రాష్ట్ర మాదకద్రవ్య నిరోధక విభాగం ‘ఈగల్’ దర్యాప్తులో తేలింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో బాన్సువాడ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లోని దుర్కి, అంకోల్, దామరంచ తదితర గ్రామాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో అస్వస్థులై బాన్సువాడ ఏరియా ఆసుపత్రిలో చేరారు. కొందరిని నిజామాబాద్‌కు తరలించారు. మూడు నెలలకు, జులైలో, హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. కూకట్‌పల్లి మరణాలు రాష్ట్రమంతా చర్చయ్యాయి. నస్రుల్లాబాద్ పల్లెల సంగతి కొద్ది రోజుల్లోనే మరుగున పడింది. పదేళ్ల కిందటి 2015 ఘటనకూ దీనికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. విత్‌డ్రాయల్ అంటే ఏమిటో, అధిక మోతాదు అంటే ఏమిటో అప్పటి అనుభవంతో వేరుచేసి చూడగల వైద్యులు ఈసారి ఉన్నారు. మోతాదు ఎక్కువై మగతలో ఉన్న రోగికీ, మోతాదు అందక ఫిట్స్‌లో ఉన్న రోగికీ చేయాల్సిన వైద్యం పూర్తిగా వేరు. మొదటివాడికి శ్వాస కాపాడాలి, మత్తు మందు అస్సలు ఇవ్వరాదు. రెండోవాడికి మత్తు మందే ప్రాణాధారం.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో తెరిచారు. జాల్నా, ఎర్రగడ్డ, నిజామాబాద్ తర్వాత ఈ ప్రాంతపు రోగికి ఇది నాలుగో చిరునామా. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ ద్వారా తెలుగులోనే సలహా దొరుకుతోంది. కల్లు మానాలనుకునే మనిషికి ఆసుపత్రికి వచ్చే ముందే ‘ఒక్కసారిగా ఆపొద్దు, ముందు డాక్టర్ను కలవండి’ అని చెప్పగలిగే అవకాశం ఆ ఫోన్‌తో వచ్చింది. బాన్సువాడ ఏరియా ఆసుపత్రి స్థాయిలో క్యాజువాలిటీ డాక్టరు మొదటి డైజోఫాం ఇంజక్షన్ ఇచ్చి, ఆఖరి సీసా ఎప్పుడు తాగాడో చీటీ మీద రాసి పంపితే బోధనాసుపత్రిలో సగం పని పూర్తయినట్టే. ఇప్పుడు నిజామాబాద్, కామారెడ్డి కళాశాలల్లో చదివే విద్యార్థులు రేపు ఆ క్యాజువాలిటీల్లో డ్యూటీ చేయబోయేవాళ్లు. మనోవైద్య పోస్టింగులో వాళ్లు రోగ చరిత్ర రాసేటప్పుడు బీడీ, గుట్కా, మద్యం తర్వాత కల్లుకు విడిగా ఒక వరుస ఉండాలి. అందులో రోజుకు ఎన్ని సీసాలో, ఏ దుకాణం నుంచో రాయాలి. దుకాణం పేరు వైద్యానికి అక్కరకు రాదు. ఒకే దుకాణం పేరు ఒకే వారంలో పది చీటీల మీద కనిపిస్తే మాత్రం తర్వాతి ఊరికి ఆంబులెన్సు వెళ్లకముందే జిల్లా వైద్యాధికారికి కబురందుతుంది.